ఆ అమ్మది దురాశ కాదు



నేను మన బ్రాంచ్‌లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. పిల్లలు ఫోన్ ఎంతసేపు చూడాలి, పరీక్షల ముందు ఎంతసేపు నిద్రపోవాలి అని ఈ పేజీలో చాలాసార్లు రాశాం. ఈసారి పిల్లల ఫోన్ పక్కన పెట్టి మీ ఫోన్ గురించి రాస్తున్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది కదా. ఆ రోజు ఒక అమ్మగారు తన వంతు అయిపోయినా వెళ్ళకుండా వెనక బెంచీలో కూర్చున్నారు. బాబు చదువు బాగానే ఉంది, చెప్పుకోవడానికి ఫిర్యాదులేమీ లేవు. గది ఖాళీ అయ్యాక దగ్గరికి వచ్చి, "మేడమ్, మూడో టర్మ్ ఫీజు ఒక నెల ఆలస్యమైతే ఏమైనా అంటారా?" అని అడిగారు. పర్లేదండీ, ఆఫీసులో మాట్లాడదాం అన్నాను. ఆ ఒక్క మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పదకొండు రోజులుగా ఎవరికీ చెప్పని విషయం అప్పుడు చెప్పారు.

వాట్సాప్‌లో ఆమెకు ఒక మెసేజ్ వచ్చింది. ఇంటి నుంచే పని, రోజుకు గంటో రెండు గంటలో చాలు, అనుభవం అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో వాళ్ళు చెప్పిన హోటళ్ళకు ఐదు నక్షత్రాలు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే ఒక్కోదానికి 50 రూపాయలు. మూడు హోటళ్ళకు ఇచ్చారు. 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. తర్వాత ఆమెను టెలిగ్రామ్ గ్రూప్‌లో చేర్చారు. అక్కడ 'ప్రీపెయిడ్ టాస్క్' అని ఇంకోటి మొదలైంది. 1,000 కడితే 1,300 వస్తాయన్నారు. కట్టారు, వచ్చాయి. ఆ తర్వాత 5,000 అడిగారు. తర్వాత 18,000. తర్వాత 41,000. మొదట చీటీ పాడిన డబ్బు, తర్వాత గాజులు కుదువపెట్టిన డబ్బు. వాళ్ళు ఇచ్చిన వెబ్‌సైట్‌లో మాత్రం ఆమె పేరు మీద 97,000 రూపాయల బ్యాలెన్స్ కనిపిస్తూనే ఉంది. తీసుకుంటానంటే ముందు 'ట్యాక్స్' 29,000 కట్టమన్నారు. అప్పుడు అర్థమైందట.

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరో గుర్తు పట్టేలా ఉన్న వివరాలు తీసేశాను.

ఇలాంటిది వినగానే మన నోటికి మొదట వచ్చే మాట "ఆశకు పోయింది" అన్నదే. స్టాఫ్ రూమ్‌లో పేరు చెప్పకుండా ఈ సంగతి చెబితే ఇద్దరు ముగ్గురు వెంటనే అదే అన్నారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. ఇంటి ఖర్చుకు తోడుగా నెలకు నాలుగైదు వేలు సంపాదిద్దామని, అదీ పిల్లాడిని స్కూలుకు పంపి వంట ముగించాక దొరికే రెండు గంటల్లో సంపాదిద్దామని అనుకోవడం దురాశ ఎలా అవుతుంది? నిజానికి ఆమె వెతికింది లాటరీ కాదు, పని. మన స్కూలు పత్రికలోనే ఈ మాట రాస్తున్నాను కాబట్టి దాచడం దేనికి, ఆ వెతుకులాటలో మన టర్మ్ ఫీజుకూ భాగముంది.

ఈ మోసగాళ్ళకు అది బాగా తెలుసు. 2023 డిసెంబరులో కేంద్రం ఇలాంటి పనుల పేరుతో మోసం చేసే వందకు పైగా వెబ్‌సైట్లను నిలిపివేసింది. అప్పుడు కేంద్ర హోం శాఖ ఇచ్చిన ప్రకటనలో వీళ్ళు ఎవరి కోసం వల వేస్తారో స్పష్టంగా ఉంది: రిటైరైన ఉద్యోగులు, మహిళలు, పార్ట్ టైమ్ పని వెతికే నిరుద్యోగ యువత. 'ఇంట్లో కూర్చుని సంపాదించండి' లాంటి మాటలతో చాలా భాషల్లో ప్రకటనలు ఇస్తారని కూడా అందులో ఉంది. అంటే వాళ్ళు గాలం వేసేది దురాశపరుల చెరువులో కాదు. కొంచెం ఖాళీ సమయం, కొంచెం అవసరం, కొంచెం ఆత్మాభిమానం ఉన్నవాళ్ళ దగ్గర వేస్తారు. మన తల్లుల గ్రూపుల్లో అలాంటివాళ్ళు కానిది ఎవరు?

లెక్కల టీచర్ని కాబట్టి ఒక లెక్క వేశాను. ఆమె దగ్గర వాళ్ళు కొట్టేసింది 64,000. అందుకు వాళ్ళు పెట్టిన పెట్టుబడి మొదటి 150, ఆ మీద ఇచ్చిన 300, మొత్తం 450. రూపాయికి నూట నలభై రూపాయల పైన. అలాంటి వ్యాపారంలో 150 రూపాయలు ఇవ్వడానికి ఎవరు వెనకాడతారు? ఆ 150 తీసుకుని ఆగిపోయిన పదిమందిని కూడా వాళ్ళు ఆనందంగా భరించగలరు. "డబ్బులు నిజంగానే వచ్చాయి కదా" అని మనం నమ్మకానికి ఆధారంగా చూపించే ఆ చిన్న మొత్తం, వాళ్ళ పుస్తకంలో ఎర ఖర్చు.

ఇంకో చిన్న లెక్క. ఒక సాదా జాకెట్ కొలతలు తీసుకుని, కత్తిరించి, కుట్టి, హుక్కులు వేసి ఇస్తే మనం ఎంత ఇస్తామో, అదీ ఎంత బేరమాడి ఇస్తామో మీకు తెలుసు. వేలితో ఒక నక్షత్రం నొక్కినందుకు 50 రూపాయలు ఏ యజమాని ఇస్తాడు? అయితే ఈ ప్రశ్న ఇలా తీరిగ్గా కూర్చున్నప్పుడు తడుతుంది. గ్రూప్‌లో నిమిషానికో స్క్రీన్‌షాట్ వస్తూ, 'నాకు 8,400 వచ్చాయి', 'థాంక్యూ మేడమ్' అని వరసగా పడుతుంటే తట్టదు. ఆ గ్రూప్‌లో మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళ మనుషులే. మీరొక్కరే కొత్త.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాంకులు, పోలీసులు, టీవీలు కొన్నేళ్ళుగా మనకు ఒక పాఠం చెబుతున్నాయి. ఓటీపీ చెప్పకండి, పిన్ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. మంచి పాఠమే, ఇంట్లో పెద్దవాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పండి. కానీ ఈ ఉద్యోగాల మోసంలో ఆ పాఠం పనికిరాదు. ఆ అమ్మగారు పిన్ ఎవరికీ చెప్పలేదు, ఓటీపీ ఇవ్వలేదు. తన ఫోన్‌లో, తన చేత్తో, ఎంత పంపుతున్నారో తెలిసే పంపారు. అందుకే ఆమెకు అనుమానం రాలేదు. "నేను జాగ్రత్తగానే ఉన్నాను మేడమ్" అని రెండు మూడుసార్లు అన్నారు. నిజమే.

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. మనకు తెలియకుండా ఎవరో మన ఖాతాలోంచి డబ్బు తీస్తే, వెంటనే బ్యాంకుకు చెప్పిన ఖాతాదారుకు 2017లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నియమాల అండ ఉంది. మనమే పంపిన డబ్బు సంగతి అలా కాదు. యూపీఐలో పంపిన మరుక్షణం అవతలి ఖాతాలో పడుతుంది. దాన్ని వెనక్కి లాగే బటన్ ఏదీ ఆ యాప్‌లో లేదు.

కాబట్టి పిన్ దగ్గర కాదు, అంతకంటే ముందే ఆగాలి. డబ్బు దారి తిరిగిన చోట. పని చేసేవాళ్ళకు పని ఇచ్చినవాళ్ళు డబ్బు ఇస్తారు. ఆ దారి తిరగబడి, పని చేసేవాళ్ళు కట్టాల్సి వచ్చిందంటే, దానికి పెట్టిన పేరు ఏదైనా సరే, అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ కిట్, ల్యాప్‌టాప్ కొరియర్ ఛార్జీ, తిరిగి ఇచ్చే డిపాజిట్, ప్రీపెయిడ్ టాస్క్. పేర్లు మారుతుంటాయి. 1,000 కడితే 1,300 తిరిగొచ్చిన రోజు కూడా ఆగాల్సిన రోజే.

ఆగలేకపోయినా ఇంకో ఆనవాలు ఉంది. పిన్ కొట్టే ముందు యాప్‌లో అవతలివాళ్ళ పేరు కనిపిస్తుంది, చదవండి. ఆమె కట్టిన మూడు పెద్ద మొత్తాలూ మూడు వేర్వేరు పేర్లకు వెళ్ళాయి. ఒకటి ఏదో ట్రేడర్స్, ఒకటి ఎంటర్‌ప్రైజెస్, ఒకటి ఊరూ పేరూ తెలియని ఒక వ్యక్తి. పెద్ద కంపెనీ అని చెప్పుకునేవాడు ప్రతిసారీ కొత్త పేరుకు డబ్బు పంపమంటున్నాడంటే, ఆ ఖాతాలు అతనివి కావు. అద్దెకు తీసుకున్నవి. ఆ అద్దె సంగతి కాసేపట్లో చెబుతాను, ఇంట్లో ఇంటర్, బీటెక్ చదివే పిల్లలున్నవాళ్ళు అది తప్పకుండా చదవాలి.

ఆ పదకొండు రోజుల దగ్గరికి వస్తాను. నన్ను ఎక్కువ బాధపెట్టింది 64,000 కాదు, ఆ పదకొండు రోజులు. ఎందుకు చెప్పలేదండీ అంటే ఆమె రెండు కారణాలు చెప్పారు. మొదటిది, "మా ఆయన ఏమంటారో తెలుసు మేడమ్." రెండోది విని నాకు మాట రాలేదు. 150 రూపాయలు వచ్చిన రోజు సంతోషంగా ఆ లింకును తోటి తల్లుల గ్రూప్‌లో ఆమే పెట్టారు. స్కూలు గ్రూప్ కాదు, అమ్మలు సొంతంగా పెట్టుకున్నది. మంచి పని దొరికింది, మీరూ చేయండి అని రాశారు. ముగ్గురు చేరారు. వాళ్ళలో ఒకరు డబ్బు అడగగానే మానేశారు, ఒకరికి 5,000 పోయాయి, మూడో ఆమె ఎంత పోయిందో చెప్పడం లేదు. "వాళ్ళ మొహం ఎలా చూడను?" అన్నారు.

ఈ మోసం నడిచేది ఇలాగే. ఎక్కడో ఉన్న అపరిచితుడిని మనం నమ్మం. పక్క వీధి అక్క చెబితే నమ్ముతాం. ఆ 150 రూపాయలతో వాళ్ళు ఆమె నమ్మకాన్నే కాదు, ఆమె మీద మిగతా అమ్మలకున్న నమ్మకాన్ని కూడా కొనేశారు. కాబట్టి గ్రూప్‌లో ఎవరైనా ఇలాంటి పని గురించి పెడితే వాళ్ళను తిట్టకండి. విడిగా ఫోన్ చేసి, "వదినా, నిన్ను ఎక్కడైనా డబ్బు కట్టమన్నారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. బహుశా ఆమె ఇంకా మొదటి మెట్టు మీదే ఉండి ఉంటారు.

కట్టేసి ఉంటే, అప్పుడు గడియారమే ముఖ్యం. 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎంత డబ్బు, ఏ రోజు, ఏ టైముకు, ఏ బ్యాంకు నుంచి వెళ్ళింది, యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే కనిపించే 12 అంకెల నంబరు ఏమిటి, ఇవి చేతిలో పెట్టుకోండి. ఆ వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తాయి, ఆ ఖాతాలో మిగిలి ఉన్నంత వరకు ఆపుతారు. అప్పటికే ఇంకో ఖాతాకు వెళ్ళిపోయి ఉంటే ఆ బ్యాంకుకు వెళ్తారు. వాళ్ళు కూడా ఖాళీగా కూర్చోరు. ఒక ఖాతా నుంచి నాలుగింటికి, అక్కడి నుంచి ఇంకా ముక్కలుగా, చివరికి ఏటీఎం ద్వారానో క్రిప్టో ద్వారానో దేశం దాటిస్తారు. మొదటి గంటల్లో ఫోన్ చేస్తే డబ్బు ముందు మనం ఉంటాం. పదకొండు రోజుల తర్వాత చేస్తే డబ్బు అడుగుజాడల వెనక ఉంటాం.

ఆ పదకొండు రోజులు ఆమె ఎందుకు ఆగారు? ఇంట్లో వినబోయే ఒక్క మాటకు భయపడి. అందుకే "ఆశకు పోయింది" అన్న మాట మీద నాకు అంత కోపం. ఆ మాట మీరు ఎదుటివాళ్ళ గురించి అన్నా, టీవీలో వార్త చూస్తూ అన్నా, పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తున్న మీ ఆవిడ వింటూ ఉంటుంది. కాలేజీకి వెళ్ళే మీ అబ్బాయి వింటూ ఉంటాడు. రేపు తనకు జరిగితే చెప్పకూడదని ఆ క్షణమే నిర్ణయమైపోతుంది. నాన్నగార్లకు నా మనవి: ఇంట్లో ఎవరైనా వచ్చి డబ్బు పోయిందంటే మొదటి అరగంట ఒక్క ప్రశ్నే అడగండి, "ఏ ఖాతా నుంచి?" అని. మిగతావి తర్వాత అడగొచ్చు, ఎక్కడికీ పోవు. నాన్నగార్లూ తక్కువేం కాదు లెండి. ఉద్యోగం పోయి, ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా ఇలాంటి టాస్కులు చేసిన తండ్రి ఒకరు నాకు తెలుసు.

టాస్కుల కంటే పాత రకం ఒకటి ఇంకా నడుస్తోంది, డేటా ఎంట్రీ. ఆన్‌లైన్‌లో ఒక అగ్రిమెంట్ మీద సంతకం చేయిస్తారు. వారంలో ఇన్ని వందల ఫారాలు తప్పుల్లేకుండా టైప్ చేయాలి. ఎంత బాగా చేసినా తప్పులున్నాయంటారు. ఒప్పందం ఉల్లంఘించారు, జరిమానా కట్టండి, లేదంటే కోర్టుకు లాగుతాం అని లాయర్ పేరుతో నోటీసు వాట్సాప్‌లో వస్తుంది. పరువు పోతుందన్న భయంతో చాలామంది కట్టేస్తారు. కట్టకండి. ఆ నోటీసు, ఆ అగ్రిమెంట్, ఆ ఫోన్ నంబర్లు అన్నీ తీసుకుని నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి. డబ్బు పోకముందే అనుమానం వస్తే, ఆ కాల్ లేదా మెసేజ్ గురించి కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో ఉన్న 'చక్షు' విభాగంలో చెప్పొచ్చు.

ఇక అద్దె ఖాతాల సంగతి. మన స్కూలు దాటి పెద్ద చదువులకు వెళ్ళిన పిల్లలకు ఈ మధ్య ఇంకో రకం 'ఉద్యోగం' చూపిస్తున్నారు. నీ ఖాతాలో డబ్బు పడుతుంది, చెప్పిన చోటికి పంపు, కమీషన్ నీకు. లేదా ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ మాకిచ్చెయ్, ఇంత ఇస్తాం. హాస్టల్లో ఉండే పిల్లాడికి ఇది మోసంగా కనిపించదు, ఎందుకంటే అతని డబ్బేమీ పోవడం లేదు. కానీ ఇందాక చెప్పిన అమ్మగారి 18,000 పడింది ఇలాంటి ఖాతాలోనే. ఆమె ఫిర్యాదు చేశాక పోలీసులు మొదట వెళ్ళేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళ ఇంటికి. ఖాతా స్తంభిస్తుంది, కేసులో పేరు చేరుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో చేరేటప్పుడు, పాస్‌పోర్టు పరిశీలనకు వచ్చినప్పుడు ఆ కేసు సంగతి బయటికొస్తుంది. ఈ ఆదివారం మీ పెద్దబ్బాయికో అమ్మాయికో ఫోన్ చేసినప్పుడు, భోజనం చేశావా అని అడిగాక ఇది కూడా అడగండి.

అవతల మనతో చాటింగ్ చేసేవాళ్ళలో కొందరు కూడా ఇలాంటి దొంగ ఉద్యోగానికే చిక్కినవాళ్ళు. డేటా ఎంట్రీ పని, మంచి జీతం అని చెప్పి కంబోడియాకు తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు ప్రాంతంలోని అలాంటి కేంద్రాల్లో చిక్కుకున్న ఐదు వందల మందికి పైగా భారతీయులను థాయ్‌లాండ్ మీదుగా వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. విదేశీ ఉద్యోగం అని టూరిస్ట్ వీసా చేతిలో పెడితే ఆ విమానం ఎక్కొద్దని మీ బంధువుల పిల్లలకు గట్టిగా చెప్పండి.

మరి ఇంటి నుంచి చేసే నిజమైన పనులే లేవా అని మీరడగొచ్చు. ఉన్నాయి. చీరలకు ఫాల్, పికో. చిన్న తరగతుల ట్యూషన్. పచ్చళ్ళు, అరిసెలు. అకౌంట్లు తెలిసినవాళ్ళకు చిన్న షాపుల జీఎస్టీ పని. వీటిలో ఒక్కటీ మొదటి రోజే 150 రూపాయలు ఇవ్వదు. మొదటి నెల అంతా అడగడంతోనే సరిపోతుంది, డబ్బు ఆలస్యంగా, కొంచెం కొంచెంగా వస్తుంది. అంత విసుగ్గా ఉందంటే అది బహుశా నిజమైన పనే.

ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఇద్దరం కలిసి 1930కి ఫోన్ చేశాం. ఒక్కో చెల్లింపు తెరిచి నంబర్లు చదువుతుంటే ఆమె గొంతు మెల్లగా స్థిమితపడింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదట, తర్వాత "గాజులు ఏ షాపులో పెట్టావు?" అని మాత్రం అడిగారట. వారం తర్వాత తల్లుల గ్రూప్‌లో జరిగినదంతా ఆమే రాశారు. ఆ రాత్రే ఆ మూడో ఆమె ఫోన్ చేసి ఎంత పోయిందో చెప్పారు.

"డబ్బు తిప్పి ఇప్పిస్తాం, ముందు ఇంత ఫీజు కట్టండి" అని ఈ మధ్య ఆమెకు ఇంకో ఫోన్ వచ్చింది. పెట్టేశారు. పోగొట్టుకున్నవాళ్ళ నంబర్లు కూడా అమ్ముడుపోతాయి, అది గుర్తుంచుకోండి.

64,000లో 7,200 రూపాయలు మాత్రం ఒక బ్యాంకులో ఆగి ఉన్నాయని తెలిసింది. అలా ఆగిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పని తెలంగాణలో 2024లో పెద్ద ఎత్తునే జరిగింది. ఆమె కూడా కాగితాలు పెట్టుకున్నారు. మూడో టర్మ్ ఫీజు మూడు వాయిదాల్లో కడుతున్నారు. అలా అడగొచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఫీజు కౌంటర్ దగ్గర బోర్డు మీద ఆ సంగతి తెలుగులో రాసి పెట్టమని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆ బోర్డు ఉండాలి. లేకపోతే నన్ను అడగండి.